మోటారు వేయకముందు

బోరు లారీ ఊరు దాటకముందే అందరూ అడిగే మాట ఒకటే: "ఎన్ని ఇంచులు పడ్డాయి?" మార్కాపురమైనా గిద్దలూరైనా కనిగిరైనా ఇదే మాట. వీ-నాచ్ మీదుగా దూకే నీళ్లు చూసి డ్రిల్లరు చెప్పే ఆ అంకెతోనే అప్పు తీరుతుందా, పెరుగుతుందా అని ఇంటిల్లిపాదీ లెక్క కట్టుకుంటారు. ఆ ఆశను నేను తక్కువ చేయను. కానీ ఫ్లోరైడు నేలలో మంచినీటి బోరుకు ఆ ఒక్క ప్రశ్న చాలదు. వచ్చేవి ఏ నీళ్లు, ఎటునుంచి వస్తున్నాయి, ఎన్ని గంటలు తోడాక మారుతున్నాయి? బోరును గంటల తరబడి తోడి చూసే పంపింగ్ టెస్టుకు ప్లాను వేయడమంటే ఈ ప్రశ్నలను మోటారు వేయకముందే కాగితం మీద పెట్టుకోవడం.

ఫ్లోరైడు బాధ మనకు కొత్త కాదు. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లోనే ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. మనదేశంలో ఈ జబ్బు మీద వచ్చిన తొలి పత్రాల్లో అదొకటి. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లావే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అవి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉంటే మంచిది, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చు అని భారత ప్రమాణం. ఎనభై ఏళ్లు దాటినా ఆ గీత కిందికి దిగని బోర్లు మన పల్లెల్లో ఉన్నాయి.

కనిగిరి గ్రానైట్‌లోనే ఫ్లోరిన్ ఎక్కువ. మార్కాపురం వైపు పలకల రాయి. ఈ రాళ్లేవీ ఇసుకలా నీటిని పట్టి ఉంచవు. నీళ్లుండేది పగుళ్లలో, పొరల సందుల్లో. మోటారు వేసిన కొత్తల్లో పైకొచ్చేది బోరులో నిలిచిన నీరు, దాన్ని ఆనుకున్న పగుళ్లలోని నీరు. మట్టం దిగేకొద్దీ లాగుడు దూరం పోతుంది, ఇంకో పగులు వచ్చి కలుస్తుంది, అప్పుడు నీటి గుణమే మారవచ్చు. పదో నిమిషంలో సీసా పట్టి ల్యాబుకు పంపి 'తాగవచ్చు' అని రాయించుకున్న కాగితం, అదే బోరు వేసవిలో గంటల తరబడి నడిచాక ఏ నీళ్లిస్తుందో చెప్పదు.

అందుకే నా ప్లానులో నీటిమట్టం పట్టీ పక్కనే నమూనాల పట్టీ ఉంటుంది. గంటగంటకూ ఈసీ (విద్యుత్ వాహకత), పీహెచ్ చూడాలి, ప్లాస్టిక్ సీసాలో నమూనా పట్టాలి. సీసా మీద తేదీతోపాటు గంట కూడా రాయాలి. ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లలో తరచు సోడియం, బైకార్బొనేట్ హెచ్చి కాల్షియం తగ్గుతుంది. వాటినీ కొలిపిస్తే నీటి రకం ఏ వేళకు మారిందో పట్టుబడుతుంది.

ఇక్కడ మొదటి చిక్కు కరెంటు. వ్యవసాయ లైనుకు పగటిపూట తొమ్మిది గంటలే ఇస్తారు. 24 గంటల టెస్టు మధ్యలో ఆగిందంటే అంతా మళ్లీ మొదటికి వస్తుంది. జనరేటరు లేకుండా తేదీ పెట్టకూడదు. రెండో చిక్కు చుట్టుపక్కల బోర్లు. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారి లేస్తాయి, మన బోరులో మట్టం ఎవరివల్ల దిగిందో తెలియదు. మిరప తోట రైతు ఒకాయన నన్ను నిలదీశారు: "మూడు రోజులు మోటారు కట్టేస్తే తోట ఎండిపోదా సార్?" "కట్టేయొద్దులే పెద్దాయనా, ఎప్పుడేశారో ఎప్పుడాపారో రాసిపెట్టండి చాలు" అన్నాను. తోట ఎండబెట్టి చేసే టెస్టుకు ఊరి సాయం దొరకదు, దొరకాలనుకోవడం న్యాయమూ కాదు. టెస్టుకు ముందు రెండు మూడు రోజులు మట్టాలు కొలిచి ఉంచుకుంటే, ఆయన రాసిన వేళలతో పక్క బోర్ల ప్రభావాన్ని విడదీయవచ్చు.

తోడిన నీళ్లు ఎక్కడ పోయాలన్నది చాలామంది చివర్లో ఆలోచిస్తారు. బోరు పక్కనే వదిలితే మళ్లీ దిగి అదే పగులులో కలుస్తాయి, లెక్క తప్పుతుంది. చెడ్డ నీళ్లని తెలిసీ ఊరి చేతిపంపు వైపు మళ్లిస్తే అంతకంటే దోషం లేదు. పైపు ఎంత పొడవు కావాలో, వాలు ఎటుందో ముందురోజే నడిచి చూసుకోవాలి.

నాకు బాగా ఇష్టమైన ఘట్టం మోటారు కట్టేశాక మొదలవుతుంది. మట్టం కొలిచే టేపు బోరులోకి దించితే నీటిని తాకగానే కూత పెడుతుంది. అంకె రాసుకుని కాస్త పైకి లాగి మళ్లీ దించాలి. మొదటి పది నిమిషాలు నిమిషానికోసారి, తర్వాత రెండుకూ ఐదుకూ పదికీ. మోటారు ఒడిదుడుకులు లేవు కనుక ఈ అంకెలు నికార్సయినవి. పాత మట్టానికి చేరకుండా కిందే ఆగిపోతే ఆ పగుళ్లలో నిల్వ కొద్దిగానే ఉందేమోనని అనుమానించాలి. ఈ పాటికే సామాను సర్దేసి వ్యాన్ ఎక్కేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో కూడా టెస్టే చెబుతుంది. అమెరికాలో వోబర్న్ అనే పట్నంలో రసాయనాలతో చెడిన రెండు మంచినీటి బావులను 1979లో మూసేశారు. 1985 డిసెంబరులో వాటిని 30 రోజులపాటు తోడి చూస్తే, పక్కనే పారే అబర్జోనా నది నీళ్లనూ అవి లాగుతున్నాయని తేలింది. కంభం చెరువు కిందనో, గుండ్లకమ్మ ఒడ్డునో బోరు చూసినప్పుడు నాకూ అదే అనుమానం. చెరువు నిండుగా ఉన్నప్పుడు చేసిన టెస్టు ఎండినప్పటికి చెల్లదు. మే నెలలో ఒకసారి, వానలయ్యాక ఇంకోసారి చేయాలి.

ఖర్చు ఎక్కువంటారు. ప్రకాశంతో కలిపి ఏడు జిల్లాల్లో భూగర్భజలాన్ని రైతులే చూసుకునే ఏపీఫామ్స్ పథకం నడిచిన రోజుల్లో రైతులే తమ బోర్లలో మట్టం కొలిచారు, డ్రమ్ము నిండే సమయం గడియారంతో చూసి నీళ్లు లెక్కగట్టారు. కొలవడం తెలిసిన చేతులు పల్లెల్లో ఉన్నాయి. ఇక జనరేటరు అద్దె, సీసాలు, ల్యాబు ఫీజు మంచినీటి బోరు ఎస్టిమేటులోనే చేర్చాలి. గంటగంటకూ పట్టిన నమూనాల ఫలితాలు పంచాయతీ గోడ మీద అంటించాకే ఆ బోరుకు ఊరి కుళాయిలు కలపాలి.