విభాగపట్టికను నిలబెట్టు విద్య

గుంటూరు మిర్చియార్డులోని కమీషను కొట్ల లెక్కలును, చిలకలూరిపేట నూలుమిల్లుల చిట్టాలును, ఒంగోలు విద్యార్థుల పరిశోధన వ్యాసములును నేడు పెక్కుగ హార్డ్‌డిస్కులయందే నిక్షిప్తములై యుండుటచేత, వానిని కాపాడు కంప్యూటరు మరమ్మతుదారుని వృత్తి మిక్కిలి గౌరవార్హమైనది.

ఒకే డిస్కుపై విండోస్, లినక్స్ రెండును నెలకొనియున్నపుడు, ఫాస్ట్ స్టార్టప్ అను సత్వరారంభ సౌకర్యము వలన సంపూర్ణముగ విరమింపని విండోస్ యొక్క డిస్కువిభాగము (పార్టిషన్)పై లినక్స్ నుండి బలవంతముగ వ్రాసినచో అందలి ఫైళ్ల వ్యవస్థ చెడవచ్చును. పాత ఎంబీఆర్ పద్ధతి డిస్కులలోనైతే, 512 బైట్ల తొలి సెక్టారునందలి విభాగముల హద్దులను తెలుపు 64 బైట్ల విభాగపట్టిక చెరిగినంతనే విభాగములన్నియు అదృశ్యములగును. సరిహద్దు రాళ్లు తొలగినంతమాత్రమున చేలోని పత్తి నశింపనట్లే, పట్టిక పోయినను సమాచారము పెక్కుసార్లు పదిలముగనే యుండునని యెరిగిన నిపుణుడు, ఫార్మాట్ చేయుటకు తొందరపడక, తొలుత డిస్కుకు యథాతథమైన ప్రతిని తీసికొని, ఆ ప్రతిమీదనే టెస్ట్‌డిస్క్ వంటి ఉచిత సాధనముతో విభాగముల ఆద్యంతములను వెదకి, క్రొత్తదైన జీపీటీ పద్ధతి డిస్కైనచో దాని చివర భద్రపరచబడిన రెండవ పట్టికతో సరిపోల్చి, ఫైళ్లను తెరచి పరీక్షించిన పిమ్మటనే క్రొత్త పట్టికను లిఖించును.

ఈ సంయమమే ఆతని విద్యకు ప్రాణము. పోయినదనుకొన్న ఖాతా మరల లభించినపుడు రైతునకు రావలసిన సొమ్ము లెక్కయు నిలుచును గావున, ఆ ఓర్పునకు ఈ సీమయంతయు కృతజ్ఞత తెలుపవలసియున్నది.