రెండో ప్రశ్న అడగనివ్వని ప్రజాస్వామ్యం

ఎన్నికలొచ్చేసరికి అభ్యర్థులు ఫోన్ తెరమీదికొచ్చి ఓటర్ల ప్రశ్నలకి జవాబులు చెప్పడం ఇప్పుడు మామూలైపోయింది. ఎవరైనా అడగొచ్చు, ఏదైనా అడగొచ్చు అంటున్నారు. నాయకుడికీ ఓటరుకీ మధ్యన దళారులు పోయారని చదువుకున్నవాళ్లు సంబరపడుతున్నారు. ఈ సంబరంలో కలిసే ముందు దళితులుగా మనం రెండు సంగతులు తేల్చుకోవాలి. అడిగే మనిషి ఎవరు? అడిగినందుకు ఆ మనిషికి ఏం జరుగుతుంది? ఇవి చూడకుండా, "ఓటరు" అనే కులం లేని మనిషిని ఊహించుకుని ప్రజాస్వామ్యం గురించి మాట్లాడటం అగ్రకుల మేధావులకి పాత అలవాటే.

ఈ ప్రక్రియకి కొంత చరిత్ర ఉంది. చంద్రబాబు నాయుడు ఉమ్మడి రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో 'డయల్ యువర్ సీఎం' నడిచింది. 2012 ఆగస్టు 31న, గుజరాత్ ఎన్నికలకి కొద్ది నెలల ముందు, అప్పటి అక్కడి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ గూగుల్ ప్లస్‌లో ప్రశ్నలకి జవాబులు చెప్పారు. దాన్ని నడిపించింది సినిమా నటుడు అజయ్ దేవగణ్. 2014 లోక్‌సభ ఎన్నికల ముందు ఫేస్‌బుక్ సంస్థే కేజ్రీవాల్, మమతా బెనర్జీ వంటి నాయకులతో ఇలాంటి కార్యక్రమం పెట్టింది. సాధనాలు మారాయి గానీ నిర్మాణం మారలేదు. వచ్చిన ప్రశ్నల్లో ఏది వినిపించాలో మధ్యలో ఒకరు ఏరతారు. అడిగినవాళ్లకి ఒక్కసారే అవకాశం. జవాబు విన్నాక "నేనడిగింది అది కాదండీ" అనే వీలుండదు. అంటే దళారీ ఎక్కడికీ పోలేదు, మనకి కనపడకుండా కూర్చున్నాడు.

అసలు విషయం ఆ రెండో ప్రశ్నలోనే ఉంది. "ఇళ్ల స్థలాలిస్తారా?" అంటే ఏ పార్టీ అయినా "ఇస్తాం" అంటుంది. "ఎక్కడిస్తారు? వానొస్తే మునగదా?" అనేది రెండో ప్రశ్న. రాజమండ్రి పేదల ఇళ్ల స్థలాల కోసం కోరుకొండ మండలం బూరుగుపూడి దగ్గర ఆవ భూములు తీసుకున్నారు. వానాకాలం నీళ్లు నిలిచే భూములవి. 2020లో ఆ గొడవ హైకోర్టు దాకా పోయింది. మొదటి ప్రశ్నకొచ్చిన జవాబుతో సరిపెట్టుకుంటే పేదలకి దక్కేది ఇలాంటి స్థలమే.

కడియం సంగతే చూద్దాం. నర్సరీల ఊరుగా దేశమంతా పేరున్న చోటు. ఇక్కడ సంచుల్లో మట్టి నింపి, అంట్లు కట్టి, మొక్కలు లారీకెక్కించే ఆడకూలీ చేతిలో కూడా ఫోనుంది. ఆమె అడగాల్సిన ప్రశ్నలూ ఉన్నాయి: కూలి రేటు ఎవరు తేలుస్తారు, పురుగుమందు కొట్టేచోట పనిచేసి జబ్బుపడితే ఎవరు చూస్తారు, పేటకి శ్మశానం ఏది? కానీ తెరమీద ప్రశ్న పక్కనే పేరు పడుతుంది. ఇంటిపేరు చూస్తే ఏ పేటో తెలిసిపోతుంది. రోజూ పని ఇచ్చే యజమానీ అదే తెర చూస్తుంటాడు. "నీకెందుకే ఈ గొడవలు" అని ఆయన ఒక్కమాటంటే మర్నాడు పనిలోకి పిలుపు రాదు. ఓటుకి చట్టం ఒక మరుగు కట్టింది. ప్రశ్నకి ఏ మరుగూ లేదు. ఓటు వేయగలిగిన మనిషి ప్రశ్న కూడా వేయగలదని అనుకునేవాళ్లు ఈ తేడాని గమనించడం లేదు.

ఇదంతా ఊహ అనేవాళ్లకి వెంకటాయపాలెం గుర్తు చేయాలి. కడియం నుంచి మండపేట, రామచంద్రపురం దాటి ద్రాక్షారామం వైపు వెళ్తే వచ్చే ఊరు. 1996 డిసెంబరు 29న అక్కడ అయిదుగురు దళితుల్ని హింసించి, వారిలో ఇద్దరికి శిరోముండనం చేశారు. 1994 ఎన్నికల్లో పోలింగు కాడ ఎదురు నిలబడ్డామన్న కక్షే దీనికి మూలమని బాధితులు చెప్తూ వచ్చారు. ఇరవయ్యేడేళ్లు దాటాక, 2024 ఏప్రిల్ 16న, విశాఖపట్నంలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు నాటి స్వతంత్ర ఎమ్మెల్యే తోట త్రిమూర్తులుకీ మరికొందరికీ పద్దెనిమిది నెలల జైలుశిక్ష వేసింది. అప్పటికాయన వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున ఎమ్మెల్సీ, మండపేట అసెంబ్లీ అభ్యర్థి కూడా. రెండు రోజుల్లో నామినేషన్లు మొదలయ్యాయి. బెయిలు మీద ఉండి పోటీ చేశారు, ఓడిపోయారు. ఆ గాలిలో ఆ పార్టీకి రాష్ట్రం మొత్తం మీద వచ్చినవి 11 సీట్లే కాబట్టి ఆ ఓటమిని దళితులకొచ్చిన జవాబుగా లెక్కేయలేం. పైగా ఈ మధ్యకాలంలో తెలుగుదేశం, కాంగ్రెస్ కూడా ఆయనకి టికెట్లిచ్చినవే. ఏ పార్టీ అభ్యర్థి ఏ పార్టీని అడుగుతాడు?

శిక్ష పడ్డాక ఎలా పోటీ చేశారు? ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ చదివితే తెలుస్తుంది. అంటరానితనం మీద 1955లో వచ్చిన పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం రుజువైతే శిక్ష ఎంతైనా అనర్హతే. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మాత్రం ఆ జాబితాలో లేదు. అందులో శిక్ష పడినా మామూలు లెక్కే, కనీసం రెండేళ్లు పడాలి. ఈ సెక్షన్ని సవరిస్తారా అని మన రిజర్వుడు స్థానాల ఎంపీ అభ్యర్థుల్ని ఏ తెరమీద ఎవరడిగారు? క్రిమినల్ కేసులున్న అభ్యర్థిని ఎందుకు ఎంచుకున్నారో పార్టీలు కారణం రాసి ప్రకటించాలనీ, గెలుస్తాడన్నది కారణంగా చెల్లదనీ సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 13న చెప్పింది. ఆ కాగితాలు ఆన్‌లైన్‌లోనే ఉంటాయి. చదివి నిలదీసేవాళ్లు లేకపోతే అవీ చెత్తకాగితాలే.

మరోపక్క ప్రశ్న దిశే తిరగబడింది. 2023 ఏప్రిల్లో వైఎస్సార్ కాంగ్రెస్ ఇంటింటికీ వెళ్లి సర్వే చేసి మిస్డ్ కాల్ ఇమ్మంది. 2024 ముందు తెలుగుదేశం ఫోన్లు చేసి, ఫలానా ఆయన అభ్యర్థి అయితే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంది. అడిగేది పార్టీ, చెప్పాల్సింది మనం. మనం ఎటున్నామో వాళ్లకి తెలుస్తుంది. వాళ్లు ఎటున్నారో మనకి తెలియదు.

ఈ దేశంలో దళిత ఓటర్లకి అభ్యర్థిని ముందుగా పరీక్షించే హక్కు ఒక్కసారి దొరికింది. 1932 సెప్టెంబరు 24 నాటి పూనా ఒడంబడిక ప్రకారం, రిజర్వుడు స్థానాల్లో మొదట దళిత ఓటర్లే నలుగురిని ఎన్నుకోవాలి. ఆ నలుగురిలోంచే అందరూ కలిసి ఒకరిని ఎన్నుకోవాలి. ప్రత్యేక నియోజకవర్గాలు పోగొట్టుకున్నందుకు అంబేద్కర్‌కి దక్కిన కొద్దిపాటి రక్షణ అది. స్వాతంత్ర్యం వచ్చాక అదీ లేదు. కొవ్వూరులో, రాజోలులో, అమలాపురంలో నిలబడే దళిత అభ్యర్థి గెలవాలంటే ముందు పెద్ద కులాల ప్రశ్నలకి జవాబు చెప్పాలి. పేట ప్రశ్న చివర్న వస్తుంది, లేదా రాదు.

కాబట్టి ఒంటరి మనిషిని ఫోనిచ్చి అడగమనడం మనకి పనికొచ్చే పద్ధతి కాదు. ప్రశ్న పేట పేరున పోవాలి. అంబేద్కర్ బొమ్మ కాడ కూర్చుని అందరూ కలిసి రాయాలి, నామినేషన్‌కి ముందే అభ్యర్థి చేతికివ్వాలి. అతను పేటకొచ్చి జవాబు చెప్తుంటే మన పిల్లలు ఫోన్లలో రికార్డు చేయాలి. అయిదేళ్ల తర్వాత మళ్లీ ఓట్లకొచ్చినప్పుడు ముందు అది వినిపించి, ఆ తర్వాత రెండో ప్రశ్న అడగాలి. ఫోను మనకి పనికొచ్చేది అక్కడ.