రెండు కొటేషన్లు, ఒక బండి

తమిళనాడులోని గుడియాత్తంలో మా చిన్నాయన కారుకు ఇన్సూరెన్సు రెన్యువల్ వచ్చింది. టీఎన్ 23 నంబరు, 1,200 సీసీ పెట్రోలు బండి, కొని మూడున్నరేళ్లు. చేతిలో రెండు కొటేషన్లు. రెండోది ఆరు వందలు తక్కువ. సంతకం పెట్టే ముందు ఒక్కసారి చూడమన్నాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పరిచి గడి గడీ చదివాను. గుడియాత్తం లుంగీలో ఒక పోగు జరిగితే గళ్లన్నీ జరిగినట్టే, ఈ కాగితంలోనూ ఒక అంకె మారితే మిగతావన్నీ కదులుతాయి.

థర్డ్ పార్టీ గడి రెండింట్లోనూ ఒకటే. 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసిన భాగమిది, రేటు కంపెనీల చేతిలో ఉండదు. 1,000 దాటి 1,500 సీసీ వరకు సొంత కార్లకు 2022 జూన్ 1 నుంచి ఏడాదికి 3,416 రూపాయలు. మన బండి తగిలి మనిషి పోయినా, గాయపడినా పరిహారానికి పరిమితి లేదు. ఎదుటివాళ్ల ఆస్తికైతే 7.5 లక్షల వరకే. బేరమంతా మన బండి నష్టం చూసే రెండో భాగంలోనే.

అందులో ఇరుసులాంటిది ఐడీవీ. బండి దొంగలపాలైనా, నుజ్జయినా కంపెనీ ఇచ్చే మొత్తం అదే. తయారీదారు చెప్పిన ధరలోంచి వయసును బట్టి కోస్తారు: ఆరు నెలల వరకు 5 శాతం, ఏడాది వరకు 15, రెండేళ్ల వరకు 20, ఆపైన ఏడాదికి పదేసి పెరిగి ఐదేళ్లకు 50. చిన్నాయన బండి 8 లక్షలది, 40 శాతం పోగా 4.8 లక్షలు. మొదటి కొటేషన్‌లో సరిగ్గా ఆ అంకే ఉంది. రెండోదాంట్లో 4.1 లక్షలు. ఆరు వందలు తగ్గింది అక్కడే! రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండి పూర్తిగా పోయినట్టు లెక్క కాబట్టి, ఆ గీత కూడా 3.6 లక్షల నుంచి సుమారు 3.07 లక్షలకు దిగిపోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది విడిభాగాల అరుగుదల పట్టిక. దేని ఆయుష్షు ఎంతో ఎరిగినవాళ్లు రాసినట్టుంటుంది. ఉదాహరణకు ఏలగిరి కొండ ఘాటులో 14 హెయిర్‌పిన్ మలుపులు. ఒకచోట బండి గోడకు రాసుకుందనుకుందాం. బంపరు 8,000. ప్లాస్టిక్కు కాబట్టి సగమే వస్తుంది, 4,000. ముందు ఫెండరు 4,000. మూడేళ్లు దాటిన ఇనుముకు 25 శాతం కోత, 3,000. అద్దం 6,000. గాజు అరగదు కదా, కోత లేదు. మొత్తం 13,000లో మనం తప్పక భరించాల్సిన 1,000 తీస్తే 12,000. బిల్లు 18,000. అరుగుదల కోత లేని జీరో డిప్ తీసుకుని ఉంటే చేతినుంచి పడేది ఆ 1,000 మాత్రమే.

అయినా క్లెయిమ్ చెయ్యాలా అన్నది ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) చెబుతుంది. క్లెయిమ్ లేని ఏళ్లకు 20, 25, 35, 45, 50 శాతం చొప్పున తగ్గింపు. అది బండిది కాదు, మనిషిది. చిన్నాయన పాత కారు అమ్మినప్పుడు తన 50 శాతాన్ని కొత్త బండికి తెచ్చుకున్నాడు. తగ్గింపుకు ముందు సొంత నష్టం ప్రీమియం 8,000 అనుకుంటే, ఒక్క క్లెయిమ్‌తో వచ్చే ఏడు 4,000, తర్వాత 2,400, 2,000, 1,200, 400 పోతాయి. మొత్తం 10,000. ఏలగిరి గీతకు 12,000 వస్తుంది గనక క్లెయిమ్ చేయొచ్చు. అదే 9,000 అయితే చేతి డబ్బే మేలు.

చివరి గడి ఇంజిన్ ప్రొటెక్షన్. 2021 నవంబరులో పాలారు, కౌండిన్య నదులు పొంగినప్పుడు ఈ ప్రాంతమంతా నీళ్లు చూసింది. వరద నష్టం మామూలు పాలసీలోనే ఉంది. కానీ నీళ్లలో నిలిచిన బండిని స్టార్ట్ చేసి ఇంజిన్ పట్టేస్తే, దాన్ని ఆ పాలసీ మొయ్యదు. చిన్నాయన ఇల్లు కౌండిన్య ఒడ్డుకు రెండు వీధుల అవతల. మొదటి కొటేషన్ మీద ఆ గడిలో టిక్కు పెట్టి కాగితం చేతికిచ్చాను.