రోగకారక ఈస్టుల గుర్తింపు: పరీక్షల గుణదోషములు

ఈస్టు అనగానే కల్లుకుండలోని నురుగు, రొట్టెపిండి పొంగు జ్ఞప్తికి వచ్చును. అట్టి ఈస్టులలోనే మనుష్యుని రోగపీడితుని చేయునవియు కలవు. వానిలో కాండిడా, క్రిప్టోకోకస్ ప్రజాతులు ముఖ్యములు. సూక్ష్మదర్శిని క్రింద ఇవి ఇంచుమించు ఒక్కతీరుననే కనబడును: గుండ్రనిదో కోలనిదో ఒక కణము, దాని ప్రక్కన ఒక మొగ్గ. కేవలము రూపమును బట్టి జాతిని చెప్పుట కష్టము. జాతి తెలియనిచో తగిన మందు నిర్ణయించుటయు కష్టమే. కాండిడా ఆల్బికన్స్ సాధారణముగా ఫ్లూకొనజోల్ అను మందుకు లొంగును. కాండిడా క్రూసై స్వభావముచేతనే లొంగదు. కావున ప్రయోగశాల వ్రాసి పంపు పేరు వర్గీకరణ పండితుల ముచ్చట మాత్రమే కాదు.

ఈ పరీక్షలలో మిక్కిలి చౌకయైనది బీజనాళ పరీక్ష. 1960లో వెలువడిన ఒక పరిశోధన పత్రముతో ఇది బాగుగా వ్యాప్తికి వచ్చినది. అనుమానించిన ఈస్టును కొంచెము తీసి, అర మిల్లీలీటరు రక్తరసిలో కలిపి, 37 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద రెండు మూడు గంటలు ఉంచుదురు. అది ఆల్బికన్స్ అయినచో కణమునుండి సన్నని గొట్టము మొలచును. గొట్టము మొదట నొక్కు ఉండరాదు. ఉన్నచో అది బీజనాళము కాదు, సాగిన మొగ్గ మాత్రమే. మూడు గంటలు దాటిన పిమ్మట చూచినచో కాండిడా ట్రాపికాలిస్ కూడ ఇట్టి సాగిన మొగ్గలతో భ్రమ కలిగింపవచ్చును.

ఈ పరీక్షకు లోపములు లేకపోలేదు. ఆల్బికన్స్‌లోనే కొన్ని రకములు గొట్టము మొలపింపవు. అంతకంటె పెద్ద చిక్కు 1995లో బయటపడినది. ఆ యేడు డబ్లిన్ నగర శాస్త్రజ్ఞులు కాండిడా డబ్లినియెన్సిస్ అను వేరొక జాతిని వివరించిరి. అదియు బీజనాళమును మొలపించును! అనగా అంతకుముందు ఆల్బికన్స్ అని వ్రాసిన కొన్ని నివేదికలు నిజమునకు ఈ జాతివే. “గొట్టము మొలచినచో ఆల్బికన్స్” అని ఒక్క వాక్యముతో ముగించు పుస్తకములు విద్యార్థికి సగము సత్యమునే చెప్పుచున్నవి. అయినను ఈ పరీక్షయందొక సుగుణమున్నది. దీని లోపము కంటికి కనబడును, చేయువానికి ముందే తెలిసియుండును.

శర్కర పరీక్షల సంగతి వేరు. ఏ ఈస్టు ఏ శర్కరను తిని పెరుగునో చూచు పద్ధతిని 1889లోనే బైజెరింక్ ప్రవేశపెట్టెను. తరువాత అది చిన్న చిన్న గుంటలుగల పట్టీలుగాను, స్వయంచాలక యంత్రములుగాను మారినది. ఫలితములను యంత్రము తనలోని పట్టికతో పోల్చి పేరు చెప్పును. పట్టికలో లేని జాతి ఎదురైనచో? తరచుగా దానికి దగ్గరి పోలికగల పేరునే చెప్పును.

కాండిడా ఆరిస్ చరిత్ర దీనికి సాక్ష్యము. 2009లో జపాను శాస్త్రజ్ఞులు ఒక వృద్ధురాలి చెవినుండి తీసిన ఈస్టును క్రొత్త జాతిగా వర్ణించిరి. ఆరిస్ అనగా లాటిను భాషలో చెవి. 2013లో ఢిల్లీనుండి వెలువడిన పత్రమున 12 మంది రోగుల ఉదంతమున్నది. వారినుండి తీసిన ఈస్టులను వైటెక్ 2 యంత్రము కాండిడా హీములోనై అని చెప్పినది. అవి ఆరిస్ అని డీ.ఎన్.ఏ. వరుసక్రమమువలన తేలినది. ఆరిస్ తరచుగా ఫ్లూకొనజోల్‌కు లొంగదు, ఆసుపత్రులలో రోగినుండి రోగికి ప్రాకును. పేరు తప్పినచో ఆ రోగిని వేరుగా ఉంచవలెనన్న ఆలోచనయే రాదు.

ఏపీఐ 20సీ పట్టీ దీనినే కొన్ని వేళల రోడోటొరులా అని చెప్పుట కలదు. రోడోటొరులా సముదాయములు పగడపు ఎరుపున ఉండును. పళ్ళెములో ఉన్నది మాత్రము తెల్లనిది. ఇచట యంత్రముకంటె కన్నే నమ్మదగినది. అట్లే 42 డిగ్రీల వద్ద ఆరిస్ పెరుగును, హీములోనై పెరుగదు. ఉష్ణపేటిక ఉన్న ఏ ప్రయోగశాలయైనను ఈ తేడాను చూడగలదు.

1994లో వర్ణించిన రంగుల యానకము మరియొక మార్గము. ఈస్టులోని ఎంజైములు యానకములోని పదార్థములను విడగొట్టగా రంగులు పుట్టును: ఆల్బికన్స్‌కు ఆకుపచ్చ, ట్రాపికాలిస్‌కు నీలము, క్రూసైకి గులాబి. రెండు జాతులు కలిసియున్న నమూనాను పట్టియిచ్చుట దీని నిజమైన ఘనత. కాని ఆరిస్ రంగు తెలుపునుండి గులాబివరకు మారుచుండుటచే రంగుమాత్రమున దానిని నిర్ధారింపరాదు.

నేడు పెద్ద ప్రయోగశాలలలో లేసరు కాంతితో మాంసకృత్తుల ద్రవ్యరాశిని కొలుచు మాల్డీ-టాఫ్ యంత్రములు కొద్ది నిమిషములలో పేరు చెప్పుచున్నవి. వేగము మెచ్చదగినదే, కాని ఇదియు పట్టికపైననే ఆధారపడును. ఆరిస్ నమూనాలను చేర్చిన పిమ్మటనే ఇది ఆ జాతిని సరిగా గుర్తింపగలిగినది. సందేహము మిగిలినచో డీ.ఎన్.ఏ. వరుసక్రమమే తుది తీర్పు.

ఆ తీర్పునకు మూల నమూనా మిగిలియుండవలెను. కొరియాలో 1996లో ఒక రోగి రక్తమునుండి తీసిన ఈస్టు ఆరిస్ అని 2011లో వెలువడిన పత్రము తెలిపినది. పదునైదేండ్లపాటు దానిని ఎవరో పారవేయక దాచియుంచిరి.