పాటల సంత

భద్రాచల ప్రాంతమున మన్యపు సంతను చూడనివారుండరు. వారమునకొకనాడు కోయలు చింతపండు, ఇప్పపువ్వు, కుంకుళ్లు, అడ్డాకులు బుట్టల కెత్తుకొని అడవి దారుల వెంట వత్తురు. ఉప్పు, ఎండుచేప, గుడ్డ కొనుక్కొని పోవుదురు. అచ్చట చుట్టములు కలిసికొందురు, పెండ్లిమాటలు సాగును, చెడిన స్నేహములు కూడును. కావున సంత చెడ్డదని యనుటకు నాకు నోరాడదు. అయినను సంతలో నడుగవలసిన మొదటి ప్రశ్న యొకటి గలదు: త్రాసు ఎవరి చేతిలో నున్నది?

దూరదేశమున జరుగు మరియొక సంతను గూర్చి చదువుచుండగా ఈ ప్రశ్నయే నాకు మరల తోచినది. అది పాటల సంత. 'వోమెక్స్' అని దాని పేరు. 1994లో బెర్లిను నగరమున మొదలై, పిమ్మట ఊరు మార్చుచు సెవిల్లా, కోపెన్‌హాగెన్, కార్డిఫ్, బుడాపెస్టు, లిస్బను, మాంచెస్టరు మొదలగు ఐరోపా నగరములలో జరుగుచు వచ్చినది. సాధారణముగా అక్టోబరు మాసమున ఐదు దినములు సాగును. సుమారు 90 దేశములనుండి 2,500 మందికి పైగా ప్రతినిధులు వత్తురు. వీరు కేవలము వినవచ్చినవారు కారు; కచేరీల నేర్పాటు చేయువారు, ఉత్సవ నిర్వాహకులు, రికార్డులు వెలువరించువారు, రేడియోవారు, గాయకుల పక్షమున బేరమాడువారు. పగలు బల్లలముందు కూర్చుండి ఒప్పందములు, చర్చలు. రాత్రి వేదికలపై మేళములు. వేదిక నెక్కగోరువారి యర్జీలను ఏడుగురు సభ్యుల సంఘము వడపోయును. ఆ యేడుగురికి జపాను వీరుల పేరిట 'సమురాయి'లని ముద్దుపేరు. ఎంపికయైన మేళమునకు దొరకు కాలము సుమారు 45 నిమిషములు. ఆ లోపల కొనువాని మనస్సు పట్టవలెను. ఇట్టి ప్రదర్శనలలో పాడినందులకు సంభావన సాధారణముగా నుండదు. ముందు రాబోవు బేరములే సంభావన.

ఈ సంతను గూర్చి నా మిత్రులు రెండు తెగలు. సంస్కృతము చదివినవారు, "సరస్వతిని అంగడి కీడ్చుట కాదా?" యందురు. ఇంగ్లీషు చదివినవారు, "అడవిలో నశించు పాటకు లోకమంత వేదిక దొరికినది గదా!" యందురు. నేను రెండును కొంత కొంత చదివినవాడను గనుక రెండు మాటలలోను సగము సత్యము, సగము దంభము కనబడుచున్నవి.

మొదట పేరు చూతము. 'ప్రపంచ సంగీత'మను మాట వ్యాపారమున స్థిరపడినది 1987లో. లండనులోని యొక పానశాలలో కొందరు చిన్న రికార్డు వ్యాపారులు కూడి, ఆఫ్రికా, ఆసియా మొదలగు దేశముల సంగీతమును దుకాణమున నే యరలో పెట్టవలెనని యాలోచించి ఈ పేరును ఖాయపరచిరి. అనగా ఇది లక్షణ శాస్త్రము పెట్టిన పేరు కాదు, అరపై నతికించిన చీటి. బీథోవెను రచన సంగీతము. మాలి దేశపు పాట మాత్రము ప్రపంచ సంగీతము! బీథోవెను ఈ ప్రపంచమువాడు కాడు కాబోలు. అమెరికాలోని గ్రామీ బహుమానములవారు సయితము 2020లో ఈ విభాగము పేరు మార్చిరి. చీటి మారినది, అర యున్నది.

దీనిని చూచి మనము నవ్వుటకు ముందు మన యింటి యరలను గూడ చూచుకొనవలెను. మతంగుని 'బృహద్దేశి' మొదలుకొని మన లాక్షణికులు సంగీతమును మార్గమనియు దేశియనియు వింగడించిరి. కాకతీయుల గజసాహిణి జాయపసేనాని 13వ శతాబ్దమున రచించిన 'నృత్తరత్నావళి'లో ఎనిమిది యధ్యాయములు గలవు. అందు చివరి నాలుగును దేశినృత్తమునకే యిచ్చెను. అంతటి యుదారత మనకు పూర్వులలో నుండెను. మన కాలము వచ్చుసరికి దేశికిని దిగువన మరియొక యర చేసితిమి. కోయవాని డోలును 'గిరిజన కళ' యని యందు పడవేసితిమి; అది సంగీతమని మాత్రము మన సంగీత సభలలో నెవరును అనరు. జాయపసేనాని కొలిచిన కాకతీయులే సమ్మక్క సారలమ్మల గాథలో అడవిపై దండెత్తి వచ్చిన రాజులు. ఆ గాథను తరతరములుగా కాపాడినవారు సభాపండితులు కారు, కోయ డోలీలు.

డోలీ యనగా నెవరో మైదానపు చదువరులకు చెప్పవలసియున్నది. కోయలలో గట్టులని వంశవిభాగములు గలవు. ఆయా గట్టుల పుట్టుకను, వేల్పుల కథలను, వలసలను, యుద్ధములను డోలు కొట్టుచు పాడువాడు డోలీ. పూర్వుల బొమ్మలు గల పడిగె యను గుడ్డను ఎదుట నుంచి, గోండికి చేరువైన కోయభాషలో నతడు కథ నెత్తుకొనును. ఆ కథ వంశావళి, చరిత్ర, దైవప్రార్థన, భూమిపై హక్కు పత్రము, అన్నియును. మణుగూరు మండలములోని కూనవరము వాసి సకిని రామచంద్రయ్యగారు ఇట్టి డోలీ. కోయభాషలోను తెలుగులోను ఈ గాథలను పాడగల యా పెద్దకు 2022లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. 2024 జూను మాసమున ఆయన గతించెను. ఆయన బిరుదమును గూర్చి పత్రికలలో చదివినవారు వేలకొలది. ఆయన కథను ఆద్యంతము విన్నవారు మైదానపు తెలుగువారిలో నెందరు?

ఇప్పుడు ఆ 45 నిమిషముల మాటకు వత్తము. రాత్రి తెల్లవార్లు సాగు గాథను ముప్పాతిక గంటకు కుదించినప్పుడు పోవునదేమి? భాష తెలియని శ్రోతకు లయ మిగులును, కథ జారిపోవును. వేషము మిగులును, వేల్పు జారిపోవును. అందుచేత ఇట్టి సంతలలో నెగ్గునది మోసుకొనిపోదగిన కళ. మా ప్రాంతపు కొమ్మునృత్యమే యుదాహరణము. అడవిదున్న కొమ్ములు, నెమలియీకలు తలపై ధరించి పెద్ద డోళ్లతో పురుషులును, చేయిచేయి పట్టి వరుసగా స్త్రీలును ఆడుచుండగా ఏ దేశమువాడైనను కన్ను త్రిప్పజాలడు. దానిని కొనువారుందురు. పడిగె ముందు కూర్చున్న ముదుసలిని కొనువారరుదు. సంత కళను చంపునని నేననను. కళలో తనకు చెల్లు భాగమునే ఏరుకొని, తక్కినది మనచేతనే మరపించును. నా విమర్శ యిది.

ధర మాటయు గలదు. దక్షిణాఫ్రికాకు చెందిన సోలమను లిండా యను జులు గాయకుడు 1939లో 'ఎంబూబే' యను పాటను రికార్డున పాడెను. ఆ పాట పేరు మారి, మాట మారి, ఖండములు దాటి అపారధనము నార్జించినది. దాని హక్కు స్వల్పమైన మొత్తమునకు చేయిజారగా లిండా 1962లో పేదగనే మరణించెను. వ్యాజ్యము నడచిన పిదప, 2006లో గాని అతని కుమార్తెలకు పరిష్కారము లభింపలేదు. తూచువాడు వేరు, తూగువాడు వేరైనప్పుడు జరుగునది యిదియే.

అట్లని ప్రతి బేరమును ద్రోహము కాదు. రాజస్థానమున కోమల్ కోఠారీ, విజయదాన్ దేఠాతో కలిసి 1960లో రూపాయన్ సంస్థానమును బోరుందా గ్రామమున స్థాపించెను. లంగా, మాంగణియార్ గాయకుల పాటలను కోఠారీ ఎన్నియో ఏండ్లు ప్రోగుచేసెను. ఏ పాట యెవరి యింట, ఏ శుభకార్యమున పాడుదురో తెలిసికొనెను. పిమ్మటనే వారిని నగరములకును విదేశములకును తోడ్కొనిపోయెను. నేడు మాంగణియార్ల పేరు లోకమున వినబడుచున్నదన్న, విపణికి ముందు ఒక వినువాడుండుటయే కారణము. మొదట ఇరుగుపొరుగు వినవలెను. పిమ్మట దూరదేశీయుడు వినవచ్చును.

ఈ మాట యొరులకు బోధించుటకు నాకధికారము లేదు. కొన్నేండ్ల క్రిందట ఒక సభకు నేను వ్యాఖ్యాతగా నుంటిని. అతిథి స్వాగతమునకై కొమ్మునృత్యమువారిని ఉదయమునుండి యెండలో నిలువబెట్టితిమి. అనంతరము ఒక డోలీ పెద్దను వేదిక నెక్కించితిమి. కార్యక్రమ పత్రములో ఆయనకు పది నిమిషములు. ఆయన పడిగె విప్పి, మ్రొక్కి, సృష్టికథ మొదలు పెట్టెను. అతిథి గడియారము చూచుకొనెను. అది చూచి నేను చీటి పంపితిని. పెద్దాయన చదువెరుగడు; చీటిని త్రిప్పి త్రిప్పి చూచి, భావము గ్రహించి, పాట నాపి, పడిగెను మడత పెట్టుకొనెను. మరునాడు తరగతిలో ఒక కోయ బాలుడు నన్నడిగెను: "సారూ, తాత ఇంకా మా గట్టు పేరు చెప్పనే లేదు. ఎందుకు ఆపమన్నారు?"

ఆ దినమున నేను 'దేశి' శబ్దమునకు నిర్వచనము చెప్పుచుంటిని. ఆ ప్రశ్నకు మాత్రము బదులు చెప్పలేకపోతిని. ఐరోపా వ్యాపారి ముక్కు మొగము తెలియని మేళమునకు 45 నిమిషములిచ్చుచున్నాడు. నేను ఒక్క గోదావరినీరు త్రాగు పొరుగువానికి పది నిమిషములైన పూర్తిగా నీయలేదు. సరస్వతిని అంగడి కీడ్చినవారెవరని యడుగువారు, ఆమెను వాకిట నిలువబెట్టినవారెవరని గూడ నడుగవలెను.

కర్తవ్యమేమి? మన్యపు సరకు విషయమున మన ప్రభుత్వము ఒక పాఠము నేర్చినది. దళారుల తూకము నుండి గిరిజనులను కాపాడుటకు 1956లో విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థను స్థాపించిరి. దాని లోపములు దానికున్నను, అందలి న్యాయము స్పష్టము: అమ్మువాని పక్షమున గూడ ఒక త్రాసుండవలెను. చింతపండునకున్న యా పాటి న్యాయము పాటకు లేదు. మన 1957 నాటి కాపీరైటు చట్టము గాయకునితో బాటు గారడీవానికిని పాములవానికిని సయితము ప్రదర్శకుల హక్కును 50 సంవత్సరముల కాలమునకు గుర్తించుచున్నది. అయితే అది ఆ యొక్క ప్రదర్శనపై ఆ యొక్క వ్యక్తికున్న హక్కు. తరతరముల గాథపై గట్టునకు హక్కు చూపు నిబంధన యందు లేదు.

కావున పాటకును ఒక సహకార సంఘము కావలెను. కోయ కళాకారులే దాని సభ్యులుగా నుండి, సభకైనను సినిమాకైనను విదేశ యాత్రకైనను ధరను తామే నిర్ణయింపవలెను. ప్రతి రికార్డుపై పాడినవాని పేరు, గట్టు, ఊరు, సందర్భము వ్రాయవలెను. దాని ప్రతి యొకటి ఆ యూరిలోనే యుండవలెను. చావునకు పాడునది, వేల్పునకు పాడునది సంతకు రాదగునా యన్న నిర్ణయము డోలు కొట్టువానిదే కాని మనది కాదు. వీనికంటె ముందు, ఈ ప్రాంతపు పాఠశాలలు డోలీ పెద్దలను ఏటికొకసారియైనను పిలిచి, ఉపాధ్యాయునికిచ్చు గౌరవమును సంభావనయు నిచ్చి, కథ ముగియువరకు వినవలెను. దీనికి చట్టమక్కరలేదు, గడియారమును జేబులో పెట్టుకొన్న చాలును.

పాటల సంతకు మావారు పోవలదని నేనెన్నడు ననను. పోవలెను, తమ త్రాసుతో పోవలెను. అయితే తిరిగి వచ్చిన డోలునకు ఇంటి యరుగుపై చోటుండవలెను. ఆ బాలుని ప్రశ్నకు నేనింకను బదులు బాకీ పడియున్నాను. ఆ పెద్దాయన మరల పడిగె విప్పిన దినమున, అతని గట్టు పేరు వచ్చువరకు నేను చీటి వ్రాయక కూర్చుండుటయే ఆ బదులు.