బలిపీఠం దగ్గర ఎవరి పని ఎవరిది

ప్రాచీన ఇశ్రాయేలు ఆరాధనలో యాజకుడే అంతా చేసేవాడని, జనం దూరంగా నిలబడి చూసేవారని చాలామంది అనుకుంటారు. బైబిలులోని లేవీయకాండం మొదటి అధ్యాయం చెప్పేది వేరు. దహనబలికి ఎద్దునో పొట్టేలునో తోలుకొచ్చినవాడు దాని తలమీద చెయ్యి ఉంచాలి. వధించేదీ, తోలు తీసి ముక్కలు కోసేదీ అతడే. రక్తాన్ని పీఠం చుట్టూ చల్లడం, కట్టెలు పేర్చడం, ముక్కలను వాటిమీద అమర్చడం యాజకుల వంతు. ప్రాణం రక్తంలో ఉందని, ప్రాణం దేవుడిదని వారి విశ్వాసం. అందుకే రక్తం, నిప్పు యాజకుల చేతికే వదిలారు.

దహనబలిలో తోలు తప్ప అంతా అగ్నికే. సమాధానబలి అలా కాదు, అది విందు. కొవ్వు పీఠానికి, బోర, కుడి తొడ యాజకులకు, మిగతా మాంసం తెచ్చినవాడి కుటుంబానికి. కృతజ్ఞతగా అర్పించినదైతే తెల్లారేదాకా ఉంచకూడదు, ఆ రోజే తినెయ్యాలి. ఒక పశువు మాంసం ఒక్క రోజులో అయిపోవాలంటే నలుగురినీ పిలవక తప్పదు. ఆ నియమం వెనకున్న మేలు ఇదేనని నాకనిపిస్తుంది. నైవేద్యానికి మెత్తని గోధుమపిండి, నూనె, సాంబ్రాణి. పిండిలో పిడికెడు అగ్నికి, మిగిలింది యాజకులకు. ఉప్పు తప్పనిసరి. పులిసిన పిండి, తేనె మాత్రం పీఠం మీద కాల్చరు.

నన్ను బాగా కదిలించేది అయిదో అధ్యాయం. కొన్ని తప్పులకు ఆడ గొర్రెనో మేకనో తేవాలి. అంత స్తోమత లేకపోతే రెండు గువ్వలు చాలు. అదీ లేనివాడు ఏఫాలో పదోవంతు, అంటే సుమారు 2 లీటర్ల పిండి తెస్తే సరి. నూనె, సాంబ్రాణి కూడా అక్కర్లేదు. పిండి తెచ్చినవాడికీ అదే క్షమాపణ. బాలింత శుద్ధి విషయంలోనూ పేదలకు పక్షులు చాలన్నారు. యేసు పుట్టాక మరియ, యోసేపు ఆ పక్షుల జతకే సిద్ధపడ్డారని లూకా సువార్త చెబుతుంది. పొరుగువాణ్ణి మోసం చేసినవాడైతే ముందు ఆ సొత్తు తిరిగివ్వాలి, దానిమీద అయిదోవంతు కలపాలి. బలిగా పొట్టేలును తేవడం ఆ తర్వాతే.

యాజకులకు మిగతా గోత్రాల్లా భూమి వాటా లేదు. అర్పణల్లో వచ్చే భాగమే వారి జీవనం. కాబట్టి చేతివాటానికి దారి ఉండనే ఉంది. షిలోహులో యాజకుడైన ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు అదే చేశారు. కొవ్వు దహించకముందే పచ్చి మాంసం ఇమ్మని వారి పనివాడు జనాన్ని బెదిరించేవాడు. మొదటి సమూయేలు గ్రంథంలో ఆ చోట నేను ఆగిపోతాను: ముందు కొవ్వు కాలనివ్వు, ఆ తర్వాత నీకిష్టమైనంత తీసుకో అని బలి తెచ్చిన మామూలు మనిషి ఎదురు చెబుతాడు. అతడికి పద్ధతి తెలుసు. లేవీయకాండం తొలి అధ్యాయాలు ఇశ్రాయేలీయులందరినీ ఉద్దేశించి చెప్పినవి, అందులో గుట్టేమీ లేదు. ప్రధాన యాజకుడే పాపం చేస్తే మొత్తం సమాజం తప్పుకు పెట్టినట్టే కోడెదూడను అర్పించాలని కూడా అందరి ముందే చెప్పారు. ఈ సంప్రదాయంలో అన్నిటికంటే గొప్ప సంగతి ఈ దాపరికం లేకపోవడమేనని నా అభిప్రాయం.

క్రీ.శ. 70లో రోమన్ సేనలు యెరూషలేము ఆలయాన్ని కూల్చాక యూదుల బలులు ఆగిపోయాయి. యాజక వంశీయులు మాత్రం నేటికీ సమాజమందిరాల్లో జనాన్ని దీవిస్తారు. ఏడాదిలో బైబిలు ముగించాలని మొదలుపెట్టి లేవీయకాండం దగ్గర పుస్తకం మూసేసేవారికి నా మనవి ఒకటే. మొదటి ఏడు అధ్యాయాలనూ, మొదటి సమూయేలు రెండో అధ్యాయాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి.