ఒక్క పూటకు ఒక్కటే

చిన్నపిల్లలను వెంటబెట్టుకుని ఊరు చూడటం కూడా ఒక విద్యే. నీళ్ల సీసా, టోపీ, ఓ జత బట్టలు సంచిలో పడేసుకుని బయల్దేరితే చాలనుకుంటాం గానీ, అందులో తేలికైన భాగం అదొక్కటే. కష్టమంతా వదిలెయ్యడంలో ఉంది. చూడదగ్గవి పది కళ్లెదుట కనబడుతుంటే తొమ్మిదింటిని ఈ పూటకు పక్కన పెట్టడం పెద్దవాళ్లకు ఓ పట్టాన చేతకాదు.

వరంగల్‌లో ఉండేవాళ్లకు ఈ చిక్కు మరీ ఎక్కువ. ఏ దిక్కుకు పోయినా ఓ గుడో, గుట్టో, చెరువో తగులుతుంది. హైదరాబాద్ నుంచి కార్లో దిగే చుట్టాలు ఒక్క ఆదివారంలోనే వేయిస్తంభాల గుడి, భద్రకాళి, ఖిలా, రామప్ప, లక్నవరం వేలాడే వంతెన అన్నీ చుట్టేసి రాత్రికి ఇల్లు చేరాలంటారు. వాళ్లకు తప్పదు. కానీ మూడో చోటుకు వచ్చేసరికి వెనక సీట్లో పిల్లలు నోరు తెరుచుకుని నిద్రపోతుంటారు. లేదంటే ఫోన్ ఇమ్మని ఏడుస్తుంటారు. ఊళ్లోనే ఉండే మనకు ఆ తొందరేం ఖర్మ?

మా ఇంట్లో పెద్దోడికి ఏడేళ్లు, చిన్నదానికి నాలుగు. వీళ్లతో తిరగ్గా తిరగ్గా నాకొక నియమం కుదిరింది. ఒక్క పూటకు ఒక్కటే. ఒక్క చోటు అని కూడా కాదు, ఆ చోట ఒక్క వస్తువు. రామప్పకు పోయిన రోజు గుడి మొత్తం చూసే ప్రయత్నమే చెయ్యం. ఏనుగులను చూసి వస్తాం.

పాలంపేటలోని ఆ గుడి సంగతులు మనకు తెలిసినవే. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో మొదలుపెట్టించాడు. పూర్తి కావడానికి నలభై ఏళ్లు పట్టి ఉంటుందని అంచనా. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరి, తెలంగాణ నుంచి ఆ గౌరవం అందుకున్న మొదటి కట్టడమైంది. ఇవన్నీ చెప్పుకుంటూ పెద్దవాళ్లం తల పైకెత్తి చూరు కింద మదనికలను చూస్తాం. గైడు ఎత్తు మడమల చెప్పులేసుకున్న బొమ్మను చూపిస్తే ముక్కున వేలేసుకుంటాం. నాలుగేళ్ల పిల్లకు తల అంతసేపు ఎత్తి ఉంచడం కుదరదు. దాని చూపు గోడ కింది భాగం మీదే ఉంటుంది. అక్కడ, మనకు నడుము దిగువన, గుడి చుట్టూ ఏనుగుల వరుస సాగుతుంటుంది. ఏ రెండూ ఒక్కలా ఉండవని అక్కడివాళ్లు అంటారు. అది నిజమో కాదో తేల్చే పనిని నేను పిల్లలకు అప్పగించాను.

అంతే, గంట గడిచిపోయింది. "అమ్మా, గీ ఏనుగుకు కోపమొచ్చింది" అని చిన్నది. "కాదు, దానికి ఆకలైంది" అని పెద్దోడు. ఒకదాని తొండం వంపు వేరు, ఇంకోదాని కాలు వేరు. పోల్చి చూడటం, గుర్తుపెట్టుకోవడం, తేడా చెప్పడం. బళ్లో మూడు పాఠాలుగా చెప్పేవి అక్కడ ఆటలో కలిసిపోయాయి. తర్వాత నంది దగ్గరికి పోయాం. ఎటువైపు నిలబడ్డా అది మననే చూస్తుందంటారు కదా, దాని చూపు తప్పించుకోవాలని ఇద్దరూ కాసేపు దొంగాట ఆడారు. గర్భగుడిలో దండం పెట్టుకుని వచ్చేశాం.

ఇంటికొచ్చాక మా అత్తమ్మ అడిగింది. "గింత దూరం పోయి ఏనుగుల లెక్కవెట్టుకుంట కూసున్నరా? గుడంత సూపియ్యలేదా?"

"మిగిలింది మళ్లీ పోయినప్పుడు చూస్తరు అత్తమ్మా" అన్నాను. ఈ విద్యలో ఉన్న కిటుకు అదే. అంతా చూపించేసిన చోటికి పిల్లలు మళ్లీ రామంటారు. కొంచెం మిగిల్చి తీసుకొస్తే వాళ్లే పోదామంటారు.

ఒక్క వస్తువుకు ఇంకో లాభం కూడా ఉంది. దాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చు. రామప్ప శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవని చెప్పగానే పెద్దోడు నమ్మలేదు. సరే చూద్దామని పెరట్లో బకెట్ నిండా నీళ్లు పెట్టాం. మా ప్రహరీ కట్టగా మిగిలిన ఇటుక ముక్క బుడుంగున మునిగింది. చెక్క తేలింది. స్నానాల గదిలో కాళ్లు రుద్దుకునే నురగరాయి కూడా తేలింది. రాయి తేలడమేమిటని వాడు దాన్ని తిప్పి తిప్పి చూసి, అందులో ఉన్న బొక్కలను కనిపెట్టాడు. గాలి నిండిన బొక్కలుంటే బరువు తగ్గుతుందని, పైకప్పు మీద బరువు తగ్గితే కింద స్తంభాలకు సుఖమని, నేను చెప్పకముందే సగం వాడికి తెలిసిపోయింది. ఆ గుడి పునాదిలో ఇసుక నింపారన్న మాట చెప్పాక పెరట్లో నా మొక్కల కుండీలకు కష్టకాలం వచ్చింది. ఇసుకలో కుండీ పెట్టి ఊపడం, అది పడుతుందా నిలుస్తుందా అని చూడటం వారం పాటు సాగింది.

ఊళ్లోనే ఉన్న వేయిస్తంభాల గుడిలో పిల్లలు మొదట అడిగే ప్రశ్న అందరికీ తెలుసు. నిజంగా వెయ్యి ఉన్నాయా? పెద్దవాళ్లు జవాబు చెప్పి ఆట చెడగొట్టకూడదు. లెక్కపెట్టమనాలి. వాళ్లకు వచ్చిన అంకెల దగ్గర ఆగుతారు, మళ్లీ మొదలుపెడతారు. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఈ గుడిలో నాకు నచ్చిన కథ మాత్రం ఈ కాలంలో జరిగింది. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయిగా విప్పారు. రాళ్లకు అంకెలు వేసి దాచారు. తిరిగి నిలబెట్టి 2024 మహాశివరాత్రికి గాని తెరవలేకపోయారు. పజిల్ పెట్టెలో ముక్కలు ఎక్కడివో తెలియక విసుక్కునే పిల్లాడికి ఈ సంగతి చెప్పి చూడండి. అంత పెద్ద పజిల్‌ను పెద్దవాళ్లు అన్నేళ్లు కూర్చి కూర్చి పూర్తి చేశారంటే వాడికి పెద్దవాళ్ల మీద కొంచెం గౌరవం కలుగుతుంది. మండపంలోకి వెళ్లాక అతుకుల కోసం వెతుకుతాడు. ఆ పూటకు వాడి వస్తువు అదే.

ఖిలాలో మా వస్తువు కీర్తితోరణం. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. మధ్యలో ఉండాల్సిన స్వయంభూ శివాలయం లేదు, దాని ముక్కలు మాత్రం నేల మీద పరుచుకుని ఉన్నాయి. పెద్దవాళ్లకు అది కాకతీయుల పతనం, 1323 నాటి ఢిల్లీ సేన దండయాత్ర. పిల్లలకు అది తలుపుల్లేని, గోడల్లేని నాలుగు వాకిళ్లు. ఒకదాంట్లోంచి పోయి ఇంకోదాంట్లోంచి రావడం, "ఎవరింట్లోకి వచ్చారు?" అని ఒకరినొకరు అడగడం. రాష్ట్ర చిహ్నంలో ఉన్న తోరణం ఇదేనని బడి కాగితం మీద చూపిస్తే పెద్దోడు ఆశ్చర్యపోయాడు. తాను తిరిగిన వాకిలి ముద్రగా మారడం వాడికి గొప్పగా ఉంది. షితాబ్ ఖాన్ పేరుతో చెప్పుకునే ఖుష్ మహల్ పక్కనే ఉన్నా ఆ రోజు పోలేదు. అది మరో పూట. ఆ ఎత్తైన కమానుల కింద అరిస్తే గొంతు ఎలా తిరిగొస్తుందో వినడానికే ప్రత్యేకంగా ఓ ఉదయం పెట్టుకోవాలి.

దారి కూడా ఓ వస్తువే. వీలైనప్పుడల్లా మేం బస్సులోనే పోతాం. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చాక నాకూ చిన్నదానికీ జీరో టికెట్. కండక్టర్ వచ్చి "పిల్లగానికి ఎన్నేండ్లు అక్కా?" అంటే "ఏడు" అంటాను. ముగ్గురిలో పైసలిచ్చేది వాడొక్కడే. మొదట్లో "నాకొక్కడికే ఎందుకు?" అని మూతి ముడిచాడు. ఇప్పుడు ఆ అర టికెట్‌ను చొక్కా జేబులో పెట్టుకుని, మా ఇద్దరినీ తానే తీసుకుపోతున్నట్టు కిటికీ పక్కన కూర్చుంటాడు.

ఇలాంటి పూటలకు గుళ్లూ కోటలే అక్కర్లేదు. వానాకాలంలో చెరువు నిండి మత్తడి దుంకుతుందంటే ఊళ్లోవాళ్లు పిల్లలను ఎత్తుకుని చూడ్డానికి పోయేవారు. ఇప్పటికీ పోతారు. దూరంగా, గట్టి నేల మీద, చెయ్యి వదలకుండా నిలబడి చూస్తే ఆ నీళ్ల హోరు ముందు ఏ పార్కూ చాలదు. పెత్రమాస దగ్గర పడితే తంగేడు, గునుగు పువ్వు కోసం ఊరి చివరికి పోవడం ఇంకో సాహసం. ముళ్లు గీరుకుని, బట్టలకు పల్లేరుకాయలు అంటించుకుని వచ్చిన పిల్లకు సాయంత్రం వేయిస్తంభాల గుడి ముందు ఎంగిలిపూల బతుకమ్మలో తన పువ్వు ఎక్కడుందో తెలుస్తుంది. కాజీపేట జంక్షన్ ఉండనే ఉంది. సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ దారులు మూడూ కలిసే చోటు. ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని బెంచీ మీద కూర్చుంటే చాలు, ఏ బండి ఎటు పోతుందో ఊహించే ఆట మొదలవుతుంది.

రైలంటే గుర్తొచ్చింది. తెత్సుకో కురొయనాగి రాసిన 'తొత్తొచాన్' తెలుగులో 'రైలుబడి'గా చాలా ఇళ్లకు చేరింది. పాత రైలు పెట్టెల్లో నడిచిన ఆ టోక్యో బడిలో పొద్దున పాఠాలు అయిపోతే మధ్యాహ్నం నడకకు తీసుకుపోయేవారు. పిల్లలకు అది షికారు. దారిలో పువ్వులోని కేసరాలో, గుడి వెనక కథో తెలిసిపోయేవి. అక్కడి ఉపాధ్యాయులు దారి పొడుగునా ఉపన్యాసం చెయ్యలేదు. ఆ ఓర్పు మనకు రావాలి. పిల్ల చీమల బారు దగ్గర కూర్చుంటే "చీమలు ఇంటి దగ్గర కూడా ఉంటయి, రా" అని చెయ్యి లాగకపోవడం ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన పాఠం. జూకు పోయి ఉడతను చూసి వచ్చినా ఆ రోజు దండగ కాదు.

ఇక పనికొచ్చే నాలుగు మాటలు. ఎండాకాలంలో తొమ్మిదింటికల్లా ఇంట్లో ఉండాలి. కాకతీయుల నల్లరాయి ఎండకు ఎంత కాగుతుందో గుడి ప్రాంగణంలో చెప్పులు విప్పిన పిల్ల పాదాలే చెబుతాయి, అందుకే నా సంచిలో రెండు జతల సాక్సులు ఉంటాయి. చోటు చేరగానే మొదట మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకోవాలి, శిల్పాల సంగతి ఆ తర్వాత. తిండికి సర్వపిండి లాంటిది లేదు. చల్లారినా బాగుంటుంది, కారదు, చేతులు పాడు చెయ్యదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆట పతాకస్థాయిలో ఉన్నప్పుడే బయల్దేరాలి. అలిసి ఏడ్చేదాకా ఆగితే, తర్వాత ఆ చోటి పేరు ఎత్తినా వాళ్లకు ఏడుపే గుర్తొస్తుంది.

ఏడో తరగతిలో సాంఘికశాస్త్రంలో కాకతీయుల పాఠం ఎలాగూ వస్తుంది. రుద్రదేవుడు, గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు వరుసగా వస్తారు, సంవత్సరాలు బట్టీ పట్టక తప్పదు. మా పిల్లలు ఆ పేజీ తిప్పే రోజుకు అందులో తెలిసినవాళ్లు కొందరుంటే చాలు. కోపమొచ్చిన ఏనుగును చెక్కించిన సేనాని ఎవరో, తాము ఆడుకున్న వాకిలి ఎందుకు ఒంటరిదైందో తెలుసుకోవాలని వాళ్లకే అనిపించాలి. ఆ ఆసక్తి పాఠ్యపుస్తకం పుట్టించలేదు. ఏడేళ్లప్పుడు, నాలుగేళ్లప్పుడు, పూటకొకటి చొప్పున ఇంటివాళ్లే కూడబెట్టి ఇవ్వాలి.